మెయిడెన్ అంటే కన్యలకేమో అనుకున్నా: గుర్రాల షోలో క్లాసుల పేర్లతో నా తిప్పలు

మా అమ్మాయి మొదటి గుర్రాల షోకి ఫారం నింపింది నేనే, కాబట్టి ఆ రోజు జరిగినవాటికి పూర్తి బాధ్యత నాదే, ముందే చెప్పేస్తున్నా. ట్రైనర్ నాతో అన్నది ఒక్కటే మాట: "నాలుగైదు క్లాసులు చాలు, వాక్-ట్రాట్ అని ఉన్నవి చూసి రాయండి." షో బిల్ ఫోనుకి పంపింది. షో బిల్ అంటే ఆ రోజు జరగబోయే పోటీలన్నీ నంబర్లేసి వరసగా అచ్చేసిన కాగితం. ఇక్కడ ఒక్కో పోటీనీ క్లాస్ అంటారు. అది కూడా నాకు అప్పటికి తెలీదు, ఇన్ని క్లాసులున్నాయంటే రోజంతా పాఠాలు చెప్తారు కాబోలు, ఇచ్చే డబ్బులకి గిట్టుబాటే అనుకున్నా.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మన తెలుగువాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో నేను వేరే చెప్పక్కర్లేదు. ఇంకో అరగంట కారులో పైకి పోతే ఆబ్రీ, పైలట్ పాయింట్ అని చిన్న ఊళ్ళు, రోడ్డుకి అటూ ఇటూ కంచెలు, కంచెల వెనక గుర్రాలు. ఎవరిదో పుట్టినరోజు పార్టీలో పోనీ ఎక్కి రెండు రౌండ్లు తిరిగొచ్చిన మా పిల్ల అప్పటినుంచి డాన్స్ మానేస్తా గానీ శనివారం గుర్రం మాననంది. సొంత గుర్రం లేదు లెండి, అంత స్థోమతా లేదు. పిల్లలకి నేర్పడానికి గుర్రపుశాలవాళ్ళు పెట్టుకున్న ముసలి ఆడగుర్రం ఒకటుంది, పేరు బిస్కెట్, దానికి పంతొమ్మిదేళ్ళు. ఏడాదిన్నర దాని మీదే నేర్చుకుంది.

ఇంతకీ ఆ షో బిల్. అరవై పైచిలుకు క్లాసులు. హాల్టర్ మేర్స్, షోమన్‌షిప్ ఎట్ హాల్టర్, గ్రీన్ హార్స్ హంటర్ అండర్ శాడిల్, మెయిడెన్ ఈక్విటేషన్, నోవిస్ యూత్ వెస్టర్న్ హార్స్‌మన్‌షిప్, షార్ట్ స్టిరప్, ఓపెన్ వెస్టర్న్ ప్లెజర్, ట్రైల్, జాక్‌పాట్ బారెల్స్. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, పదమూడేళ్ళుగా పక్కవాళ్ళు రాసిన స్పెసిఫికేషన్లలో తప్పులు పట్టడమే నా కూడు. ఒక్క పేజీ కాగితం నాకు అర్థం కాకపోవడమా అని కూర్చున్నా. అసలు అర్థం కాకపోయినా బాగుండేది, ఎవర్నైనా అడిగేదాన్ని. అర్థమైందనుకోవడమే కొంప ముంచింది.

నా లెక్క ఇలా సాగింది. హాల్టర్ అంటే గుర్రం తలకి వేసే పగ్గం, ఎక్కే పనే లేదు, పట్టుకుని నడిపించడమే, అన్నిటికన్నా సులువు, రాసేశా. ప్లెజర్ అంటే సరదాకి, కొత్తపిల్లలకి ఇదే కరెక్టు, రాసేశా. ఓపెన్ అంటే తలుపులు తెరిచే ఉన్నాయి ఎవరైనా రావచ్చు, అదీ రాశా. ఎంసెట్ కౌన్సెలింగ్ లైన్లో నిలబడి వచ్చినదాన్ని, ఓపెన్ అన్నచోటే పోటీ ఎక్కువుంటుందని గుర్తు రావద్దూ? రాలేదు. ట్రైల్ అంటే చెట్ల మధ్య దారిలో అలా వెళ్ళి రావడం అనుకుని దానికి నీళ్ళ సీసా, సన్‌స్క్రీన్ కూడా సర్దా. షోమన్‌షిప్ అంటే ఏదో ఆడంబరం, మా పిల్లకి సిగ్గు, వద్దు. మెయిడెన్ అన్నదాన్ని చూసి మాత్రం ఒళ్ళు మండింది, కన్యలకి వేరే పోటీ ఏంటి ఈ కాలంలో కూడా అని. వయసు దగ్గర పదేళ్ళలోపు (పది కూడా కలిపి), పదకొండు ఆపైన అని రెండున్నాయి. పిల్లకి మార్చిలో పదకొండు నిండాయి, షో ఏప్రిల్లో, ఇంకేం, పదకొండు ఆపైన.

ఇందులో ఒక్కటంటే ఒక్కటి కూడా కరెక్టు కాదు.

షో రోజు పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. మా అత్తయ్యగారు, మావయ్యగారు అప్పుడే ఆర్నెల్లకని హైదరాబాదు నుంచి వచ్చున్నారు. మావయ్యగారు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర గవర్నమెంటు స్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మడతకుర్చీలు, పులిహోర డబ్బా, గొడుగు, నేను అనవసరంగా సర్దిన సన్‌స్క్రీన్, అన్నీ కారులో పడ్డాయి. అక్కడ ఆఫీసంటే ఒక ట్రైలర్ కిటికీ, లోపల కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకున్న పెద్దావిడ. గుర్రానికి కాగిన్స్ పరీక్ష కాగితం అడిగింది, అంటురోగం లేదని రక్తపరీక్ష చేసి ఇచ్చేది, అది గుర్రపుశాలవాళ్ళే ఇచ్చారు కాబట్టి బతికిపోయా. తర్వాత నా ఫారం చూసి ఎర్రపెన్నుతో ఓపెన్ వెస్టర్న్ ప్లెజర్ కొట్టేసింది. "వాక్-ట్రాట్‌లో పేరిచ్చినవాళ్ళు అదే షోలో లోప్ ఉన్న క్లాసులో దిగకూడదు హనీ" అంది.

ఇక్కడ ఒక్క నిమిషం. వాక్ అంటే నడక, నాలుగు కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, నాలుగు చప్పుళ్ళు. ట్రాట్ అంటే ఎదురెదురు మూలల కాళ్ళు జతగా పడతాయి, టక్ టక్ అని రెండే చప్పుళ్ళు. కాంటర్‌కి మూడు చప్పుళ్ళు. అయితే ఈ పేర్లన్నీ ఇంగ్లిష్ జీను మీద కూర్చున్నప్పుడు. అదే కౌబాయ్ జీనేసి వెస్టర్న్‌లో దిగితే ట్రాట్‌ని జాగ్ అంటారు, కాంటర్‌ని లోప్ అంటారు. కాళ్ళు పడే వరస మారదు, వేగం తగ్గుతుంది, పేరు మారుతుంది. మరి వెస్టర్న్‌లో వాక్-జాగ్ అనాలి కదా, కొన్ని షోల్లో అలాగే రాస్తారు, మేం వెళ్ళినచోట మాత్రం రెంటికీ వాక్-ట్రాటే. ఇంకా లోప్ చేయించడం రానివాళ్ళ కోసం పెట్టినవి వాక్-ట్రాట్ క్లాసులు. అక్కడ పేరిచ్చి మళ్ళీ లోప్ క్లాసులో కూడా దిగుతానంటే, ఒకే పిల్లని ఎల్‌కేజీలోనూ పదో తరగతిలోనూ కూర్చోబెట్టినట్టు. ఇది తెలీక నేను ఆవిడతో డబ్బులు కట్టాం కదా అని వాదించా కూడా. మధ్యాహ్నం ఆ ఓపెన్ క్లాస్ చూశాక మనసులోనే ఆవిడకి దండం పెట్టుకున్నా. అందులో ఉన్నదంతా గుర్రాలకి ట్రైనింగ్ ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు, ఆ గుర్రాలు తలలు వంచుకుని ఉయ్యాల ఊగుతున్నట్టు పోతున్నాయి.

మొదటిది హాల్టర్ మేర్స్. మా పిల్ల తెల్లవారుజామున లేచి బూట్లు పాలిష్ చేసుకుంది, జడ గట్టిగా వేయించుకుంది, బిస్కెట్‌ని పట్టుకుని చక్కగా నడిపించింది, చక్కగా నిలబెట్టింది. ఆరుగురిలో ఆరోది. ఆకుపచ్చ రిబ్బన్ పట్టుకుని బయటికొచ్చి ఏడవలేదు గానీ, ఓ మాటంది, అది నాకు ఇప్పటికీ గుర్తుంది: "అమ్మా, జడ్జి నన్ను చూడనే లేదు. బిస్కెట్ కాళ్ళు చూసింది, వీపు చూసింది, వెనక్కెళ్ళి చూసింది. నన్ను ఒక్కసారి కూడా చూళ్ళేదు."

నేను దాన్ని సముదాయిస్తూ ఉండగానే తర్వాతి క్లాస్ మొదలైంది. మళ్ళీ పిల్లలే, మళ్ళీ గుర్రాలని పగ్గం పట్టుకుని నడిపించడమే. ఇందాకటిదే మళ్ళీ ఎందుకు పెట్టారని పక్క కుర్చీలో ఉన్న ఆవిడని అడిగా. ఆవిడ మనవరాలు అందులో ఉంది. "ఇందాక చూసింది గుర్రాన్ని, ఇప్పుడు చూసేది పిల్లల్ని" అంది చాలా మామూలుగా, కాఫీ తాగుతూ. ఇది షోమన్‌షిప్ అట. ఇచ్చిన వరసలో నడిపించాలి, పరిగెత్తించాలి, ఆపాలి, వెనక్కి నడిపించాలి, ఒకచోట నిలబెట్టి తిప్పాలి, తర్వాత కాళ్ళు నాలుగూ సమంగా వచ్చేలా నిలబెట్టాలి. జడ్జి గుర్రం చుట్టూ తిరుగుతుంటే పిల్లలు అటు ఇటు మారుతూ ఉండాలి, జడ్జికి అడ్డం రాకూడదు, గుర్రం కదిలితే తమకీ జడ్జికీ దెబ్బ తగలని చోట ఉండాలి. గుర్రం అందంగా ఉందా లేదా అన్నది లెక్కలోకే రాదు, శుభ్రంగా మాలిష్ చేసి తెచ్చారా లేదా అన్నది మాత్రం చూస్తారు. అంటే పాలిష్ చేసిన బూట్లు, గట్టిగా వేసిన జడ, నెమ్మదస్తురాలైన ముసలి గుర్రం, ఇవన్నీ అక్కరకొచ్చే క్లాస్ ఇది. దాన్ని ఆడంబరమని వదిలేసి, వీపు వంగిపోయిన పంతొమ్మిదేళ్ళ గుర్రాన్ని తీసుకెళ్ళి కండ, కాళ్ళ పొందిక చూసే అందాల పోటీలో నిలబెట్టా. తాడు అదే, నడక అదే, పేరొక్కటే తేడా.

ట్రైల్ గురించి ఎక్కువ చెప్పను, పరువు పోయిన సంగతులు ఎన్నని చెప్తాం. చెట్లూ లేవు దారీ లేదు. మైదానంలోనే ఒక గేటు, ఒక కొయ్య వంతెన, నేల మీద అడ్డంగా దూలాలు, ఎల్ ఆకారంలో పరిచిన కర్రల మధ్య గుర్రాన్ని వెనక్కి నడిపించడం. ఏది ముందు ఏది తర్వాతో మ్యాపు గీసి పొద్దున్నే గోడకి అంటించారట, అందరూ ఫోటో తీసుకుని బట్టీ పట్టారట. మేం నీళ్ళ సీసా పట్టుకెళ్ళాం. బిస్కెట్ వంతెన దాకా బుద్ధిగా వచ్చి అక్కడ ఆగి, ఇక నా వల్ల కాదు తల్లీ అన్నట్టు నిలబడిపోయింది.

వాక్-ట్రాట్ వెస్టర్న్ ప్లెజర్‌లో పదకొండు ఆపైన అంటే పైకి హద్దు లేదని మైదానంలోకి వెళ్ళాకే తెలిసింది. మా పిల్ల పక్కన ఒక అరవై ఏళ్ళావిడ, ఆవిడ వెనక గడ్డమున్నాయన. రిబ్బన్ రాలేదు. బయటికొచ్చాక ట్రైనర్, పాపం పొద్దుట్నుంచి ఏడుగురు పిల్లల వెనక పరిగెడుతోంది, ఆగి అడిగింది: "జనవరి ఒకటిన దీని వయసెంత?" పదన్నా. "అయితే ఈ ఏడాదంతా పదే." ఈ తరహా షోల్లో చాలావరకు లెక్క అదేనట, జనవరి ఒకటిన ఎంత వయసో డిసెంబరు దాకా అంతే. కంచెలు దూకే పోటీల వైపు వెళ్తే ఇంకో లెక్క, అక్కడి జాతీయ సంస్థ రూలు ప్రకారం డిసెంబరు ఒకటి నాటి వయసు తర్వాతి సీజన్ అంతా నడుస్తుంది. మన స్కూళ్ళలో జూన్ లెక్కలాగే, పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులతో పనిలేదు.

ఇంత జరుగుతుంటే మావయ్యగారు మాత్రం మహా కులాసాగా ఉన్నారు. గుర్రాలు నడక మార్చినప్పుడల్లా నావైపు వంగి "ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం" అని లెక్కపెట్టారు. అమరకోశంలో గుర్రం గతులు అయిదట. ఇందులో ట్రాట్ ఏదండీ అంటే కాసేపు ఆలోచించి ధౌరితకం అయ్యుండాలన్నారు. అత్తయ్యగారు గొడుగు కింద పులిహోర తింటూ, గుర్రాల మీద ఈయనకింత ఆసక్తి ఎప్పట్నుంచో అన్నారు. అప్పుడు ఆ మాట నేను పట్టించుకోలేదు.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద షో బిల్ పరిచి కూర్చున్నా. కంపెనీలో ఇలాంటి డాక్యుమెంట్ వస్తే నేను తిప్పి పంపేదాన్ని, ఫలానా పదానికి నిర్వచనం లేదు అని. మావయ్యగారు మజ్జిగ తాగుతూ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని కాసేపు చదివి, "ఇవన్నీ సమాసాలమ్మా, నువ్వు ఎడమవైపు నుంచి చదువుతున్నావు, అదీ నీ ఇబ్బంది. విగ్రహవాక్యం చెప్పుకో" అన్నారు. నేను నవ్వా. ఆయన నవ్వలేదు. "రాజభటుడు అంటే ఎవరు? భటుడు. రాజు కాదు. తత్పురుషలో చివరి పదమే ప్రధానం. ముందున్నవన్నీ ఆ భటుడు ఎవరి భటుడో చెప్పడానికి."

నిజంగానే తాళం తెరుచుకున్నట్టయింది. నోవిస్ యూత్ వెస్టర్న్ హార్స్‌మన్‌షిప్. చివరి పదం హార్స్‌మన్‌షిప్, అంటే చూసేది మనిషిని: ఎలా కూర్చున్నారు, మడమ కిందికి ఉందా, చేతులు కుదురుగా ఉన్నాయా, చెప్పిన వరసలో గుర్రాన్ని నడిపించారా. ఇదే పనిని ఇంగ్లిష్ జీను వైపు ఈక్విటేషన్ అంటారు. పేర్లు రెండు, చూసేది ఒకటే. అదే చివర్లో ప్లెజర్ అనో, అండర్ శాడిల్ అనో, హాల్టర్ అనో ఉందంటే చూసేది గుర్రాన్ని. ప్లెజర్ అంటే మనం సరదాగా తిరగడం కాదు, చూసినవాడికి ఆ గుర్రం ఎక్కితే ఎంత హాయిగా ఉంటుందో అనిపించాలి, పగ్గం వదులుగా వదిలినా అదే వేగంలో, అదే తీరులో, గొడవ చేయకుండా పోవాలి. చివరి పదం తేలాక వెనక్కి వస్తే వెస్టర్న్ అంటే ఏ జీను, ఏ బట్టలు అన్నది. యూత్ అంటే పద్దెనిమిది, అంతకు లోపు. నోవిస్ అంటే...

నోవిస్ దగ్గర ఆగాం. దాని పక్కనే మెయిడెన్. నా కోపం సంగతి చెప్పా, ఆడపిల్లలకి వేరేగా ఏంటండీ ఇది అని. మావయ్యగారు తడుముకోకుండా అన్నారు: "అబ్బే, అది కాదమ్మా. మెయిడెన్ అంటే ఇంతవరకు ఒక్క రేసూ గెలవనిది. మలక్‌పేటలో ఒక్కటి కూడా కొట్టని గుర్రాలన్నిటినీ కలిపి మెయిడెన్ రేసు అని పెడతారు. అందులో పందెం కాయడం మహా కష్టం, దేని సత్తా ఏంటో ఎవరికీ తెలీదు కదా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మీకెలా తెలుసు?" అని అత్తయ్యగారి గొంతు. ఆమె బయటికి కూడా రాలేదు. మావయ్యగారు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ, "స్టాఫ్ రూములో అనుకుంటుంటే విన్నాలే" అన్నారు. ముప్పై ఏళ్ళు మలక్‌పేట రేస్‌కోర్సు పక్కనే ఉద్యోగం చేసినాయన. మా ఆయన నావైపు చూసి నోరు మెదపొద్దన్నట్టు సైగ చేశాడు. ఆ విషయం అంతటితో ముగిసిందని చెప్పలేను.

ఆయన చెప్పింది మాత్రం కరెక్టే, ట్రైనర్‌ని అడిగి రూఢి చేసుకున్నా. పాత పద్ధతి ప్రకారం ఒక్క మొదటి బహుమతి కూడా రానివాళ్ళు మెయిడెన్, మూడు రానివాళ్ళు నోవిస్, ఆరు రానివాళ్ళు లిమిట్. ఇంత చక్కటి లెక్కని సగం షోలవాళ్ళు వాళ్ళకి తోచినట్టు మార్చుకుంటారు. ఒకచోట మా షోల్లో గెలిచినవే లెక్క అంటారు, ఇంకోచోట ఎక్కడ గెలిచినా లెక్కే. అందుకని షో బిల్ కింద చీమల్లాంటి అక్షరాలు ఉంటాయి చూడండి, మనం ఎప్పుడూ చదవనివి, అవి ముందు చదవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏంటంటే ఎవరు గెలవనిది అన్నది. మలక్‌పేటలో సందేహం లేదు, గుర్రమే. ఇక్కడ గుర్రమూ కావచ్చు, ఎక్కినవాళ్ళూ కావచ్చు. నోవిస్ హంటర్ అండర్ శాడిల్ అని ఉందనుకోండి, కొత్త గుర్రమా, కొత్త రైడరా? మావయ్యగారి సమాసం కూడా అక్కడ తెగలేదు. ఆఫీసు కిటికీ దగ్గరికెళ్ళి అడగడమే గతి.

గ్రీన్ కూడా అంతే. మొదట్లో నేను ఆకుపచ్చ చొక్కా ఏమైనా వేసుకోవాలా అనుకున్నా, నవ్వుకోండి పర్లేదు. ఇది పచ్చ కాదు, పచ్చి. పచ్చికాయ, పచ్చి గుర్రం. షోలకి కొత్త, ఇంకా పండలేదు. గ్రీన్ హార్స్ అంటే గుర్రం పచ్చిది, పైనున్నది ఇరవై ఏళ్ళ అనుభవమున్న ట్రైనర్ అయినా ఫర్వాలేదు. గ్రీన్ రైడర్ అంటే పైనున్న మనిషి పచ్చి, గుర్రం బిస్కెట్‌లాంటి ముసలిదైనా ఫర్వాలేదు. మా పిల్ల రెండోరకం. నేనైతే బిస్కెట్‌ని గ్రీన్ హార్స్‌లో రాయబోయి ఆఖరి నిమిషంలో ఆగా, దాని వయసు చూసి జడ్జి పడీపడీ నవ్వేది.

తత్పురుషకి లొంగనివి కొన్ని మిగిలాయి. షార్ట్ స్టిరప్ చూసి, పొట్టి రికాబు, అంటే రికాబు కొలుస్తారా అన్నా. మావయ్యగారి మొహం వెలిగిపోయింది. "ఇది బహువ్రీహి! చక్రపాణి అంటే చక్రమూ కాదు, పాణీ కాదు, చక్రము పాణియందు కలవాడు, విష్ణువు. అలాగే పొట్టి రికాబులు కలవారు ఎవరో వారు." చిన్నపిల్లలు! కాళ్ళు పొట్టివి కాబట్టి రికాబులు పైకి కట్టుకుంటారు. సాధారణంగా పన్నెండేళ్ళు, అంతకు లోపువాళ్ళకి. దానికి జంటగా లాంగ్ స్టిరప్ ఉంది, పొడుగు రికాబులు కలవారు, అంటే పెద్దయ్యాక గుర్రం నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళు. హంటర్ కూడా అలాంటిదే. వేట లేదు, తుపాకీ లేదు. గుర్రాల మీద నక్కల వేటకి వెళ్ళే రోజుల్లో రోజంతా మోసినా అలుపు తెలియనివ్వకుండా సాఫీగా సాగే గుర్రాలుండేవి, ఆ తీరు గుర్రం అని. హంటర్ ఓవర్ ఫెన్సెస్ అంటే కంచెలు దూకాలి, హంటర్ అండర్ శాడిల్ అంటే ఒక్క దూకుడు కూడా లేదు, హంటర్ హ్యాక్ అంటే రెండు కంచెలు దూకి తర్వాత మామూలుగా నడకలు చూపించాలి. ఇది తెలీకుండా పేరిచ్చి ఉంటే? ఆ ఆలోచన వస్తేనే టెన్షన్.

జాక్‌పాట్ అన్నచోట మావయ్యగారిని ఏమీ అడగలేదు. వంటింటివైపు చూసి ఊరుకున్నా. అది ఎంట్రీ ఫీజులు పోగేసి గెలిచినవాళ్ళకి పంచేది, అంతే.

రెండో షో మేలో. ఈసారి షోమన్‌షిప్, వాక్-ట్రాట్ హార్స్‌మన్‌షిప్ పదేళ్ళలోపు, గ్రీన్ రైడర్ వాక్-ట్రాట్ ప్లెజర్, ఆ మూడూ రాశా, మూడూ ట్రైనర్‌కి చూపించా. అక్కడితో ఆగితే నేనెందుకవుతా, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాక పోనీ ప్లెజర్ అని ఒకటి కనిపించింది. బిస్కెట్ చిన్నగానే ఉంటుంది, మా పిల్ల దాన్ని నా పోనీ అనే అంటుంది, కలిపేశా. పేరు పిలిచేదాకా ఎవరూ ఏమీ అనలేదు, గేటు దగ్గరున్నాయన బిస్కెట్‌ని పైనుంచి కిందికి చూసి ఎత్తెంత అన్నాడు. పద్నాలుగు పాయింట్ మూడు అన్నా, గుర్రపుశాల బోర్డు మీద అలాగే ఉంది. పోనీ అంటే పద్నాలుగు పాయింట్ రెండు దాకానే. పాయింట్ వన్ తేడాకి ఇంత పట్టింపా అని గొణుక్కున్నా. అసలది దశాంశమే కాదట! గుర్రాల్ని హ్యాండ్లలో కొలుస్తారు, ఒక హ్యాండ్ అంటే నాలుగంగుళాలు. పద్నాలుగు పాయింట్ రెండు అంటే పద్నాలుగు హ్యాండ్ల మీద రెండంగుళాలు, మొత్తం యాభై ఎనిమిది అంగుళాలు. పద్నాలుగు పాయింట్ మూడు తర్వాత వచ్చేది పదిహేనే. పాయింట్ అయిదు అనేదే ఉండదు. ఇలాంటి డేటా ఫార్మాట్ పెట్టినవాడు నా చేతికి దొరికితే ఏం చేస్తానో నాకే తెలీదు. క్లాస్ స్క్రాచ్ చేయించుకున్నా, అంటే పేరు కొట్టించుకోవడం, డబ్బులు రాలేదు.

షోమన్‌షిప్‌లో రెండోది వచ్చింది. ఎర్ర రిబ్బన్. ఇక్కడ అమెరికాలో నీలం మొదటిది, ఎరుపు రెండోది, పసుపు, తెలుపు ఆ తర్వాత, ఆరోదైన ఆకుపచ్చ మాకు ముందే పరిచయం. హార్స్‌మన్‌షిప్‌లో మూడోది. సాయంత్రం మైకులో పిల్ల నంబరు పిలిచి వాక్-ట్రాట్ పదేళ్ళలోపు రిజర్వ్ చాంపియన్ అన్నారు. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని "రిజర్వ్ అంటే ఏంటి, వెయిటింగ్ లిస్టా? ఎవరైనా రాకపోతే ఇస్తారా?" అన్నారు దిగులుగా. కాదండీ, ఆ గుంపులో పాయింట్లన్నీ కలిపితే రెండో స్థానం అని, కన్ఫర్మ్ టిక్కెట్టేనని చెప్పా. అప్పుడు చప్పట్లు కొట్టారు. పిల్ల రిబ్బన్ తీసుకుని నేరుగా నా దగ్గరికొచ్చి, "ఈసారి జడ్జి నన్నే చూసింది" అంది.

అత్తయ్యగారు వాళ్ళు ఆగస్టులో వెళ్ళిపోయారు. మొదటి నీలం రిబ్బన్ సెప్టెంబరులో వచ్చింది, గ్రీన్ రైడర్ ప్లెజర్‌లో. అంటే నిజానికి గెలిచింది బిస్కెట్ అని ఇప్పుడు నాకు తెలుసు, ఆ సంగతి పిల్లతో అనలేదు. ఆదివారం ఫోన్ చేసి చెప్తే మావయ్యగారు పొంగిపోయారు. వెంటనే గొంతు తగ్గించి, "అయితే ఇక మెయిడెన్‌లో రాయకమ్మా, నోవిస్‌లో రాయి. ఇంకా రెండు గెలిచేదాకా పర్లేదు. అన్నట్టు ఇక్కడ కూడా మొన్న మెయిడెన్‌లో ఒక గుర్రం ఏం పరిగెత్తిందనుకున్నావు..."

వెనక నుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది, "మళ్ళీ స్టాఫ్ రూమా?" అని. తర్వాత లైన్ కట్టయింది.